కన్నుగీటిన కంచు మనిషి

సినిమా మొదలైన కాసేపటికే కథానాయకుడి కంట్లో ఒక నక్షత్రం తళుక్కుమంటుంది. టూత్‌పేస్టు ప్రకటనల్లో పంటి మీద మెరుస్తుందే, అచ్చంగా అలాంటి మెరుపు. చేత్తో గీసి ఫిల్ము మీద అతికించినది. 1975లో వార్నర్ బ్రదర్స్ విడుదల చేసిన 'డాక్ సావేజ్: ది మ్యాన్ ఆఫ్ బ్రాంజ్' సినిమా అది. పుస్తకాలు చదివి వచ్చినవాళ్లకు ఆ ఒక్క మెరుపుతోనే సంగతి అర్థమైపోయింది.

ఆ కళ్ల గురించి డాక్ సావేజ్ నవలల్లో ఎన్నిసార్లు రాశారో లెక్కలేదు. బంగారు రజను లోపల గాలికి కదులుతున్నట్టుండే కళ్లు. ఆ చూపు మీద పడితే అబద్ధాలకోరుకి నోరు పెగలదు. నలభై రెండేళ్లుగా పాఠకులు మనసులో దాచుకున్న ఆ కళ్లను సినిమా తెర మీదికి తెచ్చి, వాటిచేత కన్ను గీటించింది.

నేను ఆ పుస్తకాలను మొదట చూసింది హైదరాబాదు ఆబిడ్స్‌లో, ఆదివారం పేవ్‌మెంటు మీద పరిచే పాత పుస్తకాల కుప్పల్లో. అట్ట మీద చొక్కా పీలికలైన ఒక మనిషి. వెంట్రుకలు తలకు టోపీలా అతుక్కుని, కండలు పోతపోసినట్టు. సినిమా చూసింది చాలా ఏళ్ల తర్వాత, అరువు తెచ్చుకున్న వీడియో క్యాసెట్టులో. అందరూ నవ్వుకునే సినిమా అని ముందే చెప్పారు. నాకు నవ్వు రాలేదు. ఇంటి పెద్దను నలుగురిలో నిలబెట్టి ఆటపట్టిస్తుంటే పక్కన కూర్చుని చూస్తున్నట్టు అనిపించింది. ఆ బాధ ఎందుకు కలిగిందో తేల్చుకోవాలంటే చాలా వెనక్కి వెళ్లాలి.

1930ల అమెరికాలో చెక్కగుజ్జుతో చేసిన గరుకు కాగితం మీద కథల పత్రికలు అచ్చయ్యేవి. ఆ గుజ్జు వల్లే వాటికి పల్ప్ పత్రికలన్న పేరు. ధర పది సెంట్లు. ఉద్యోగాలు పోయి, రొట్టె కోసం వరుసల్లో నిలబడే రోజుల్లో ఆ పది సెంట్లకు నెలకో లోకం దొరికేది. న్యూయార్కులో స్ట్రీట్ అండ్ స్మిత్ అనే పాత ప్రచురణ సంస్థ ఉండేది. 1931లో వాళ్లు మొదలుపెట్టిన 'ది షాడో' పత్రిక ఊహించనంతగా అమ్ముడుపోయింది. చీకట్లో నక్కి నేరస్తుల్ని వేటాడే నీడలాంటి వీరుడు అతను. వెలుగులో నిలబడే వీరుడు కూడా ఒకడుంటే బాగుంటుందని వ్యాపారం చూసుకునే హెన్రీ రాల్‌స్టన్‌కు, సంపాదకుడు జాన్ నానోవిచ్‌కు తోచింది. రూపురేఖలు వాళ్లు గీశారు. ప్రాణం పోసే పని లెస్టర్ డెంట్ చేతికి వచ్చింది.

డెంట్ మిస్సోరీ రాష్ట్రంలో లా ప్లాటా అనే చిన్న ఊళ్లో 1904లో పుట్టాడు. టల్సాలో వార్తా సంస్థకు టెలిగ్రాఫ్ ఆపరేటరుగా పనిచేస్తూ, రాత్రి షిఫ్టులో తంతి మోగని వేళల్లో కథలు రాయడం నేర్చుకున్నాడు. డాక్ సావేజ్ మొదటి సంచిక మీద ఉన్న తేదీ 1933 మార్చి. రూజ్‌వెల్ట్ అధ్యక్షుడిగా ప్రమాణం చేసి దేశంలోని బ్యాంకులన్నిటినీ కొన్నాళ్లు మూయించిన నెల అదే. ఎంపైర్ స్టేట్ భవనం కొమ్మునెక్కిన కింగ్‌కాంగ్ మొదటిసారి తెర మీద కనిపించిందీ ఆ నెలలోనే. మన కంచు మనిషి కాపురం కూడా న్యూయార్కులో ఒక ఆకాశహర్మ్యం ఎనభై ఆరో అంతస్తులో. ఆ భవనం పేరు కథల్లో చెప్పరు. చెప్పనక్కర్లేదు కూడా.

అట్ట మీద రచయిత పేరుగా కనిపించే కెన్నెత్ రాబ్సన్ అనే మనిషి లేడు. అది సంస్థ సొంతం చేసుకున్న పేరు. ఆ పేరు వెనక మరికొందరు కూడా అప్పుడప్పుడు రాశారు గాని, మొత్తం 181 నవలల్లో అత్యధిక భాగం డెంట్‌వే. నెలకో నవల చొప్పున, ఏళ్ల తరబడి. తెలుగు పాఠకులకు ఇది నమ్మలేని సంగతేం కాదు. ఇంచుమించు ఆ కాలంలోనే మన కొవ్వలి లక్ష్మీనరసింహారావు వెయ్యి నవలల యజ్ఞం మొదలుపెట్టాడు. రైలు ప్లాట్‌ఫారాల మీద అమ్ముడైన ఆ పుస్తకాలను పెద్దలు చిన్నచూపు చూశారు. చదవడం అలవాటు లేని లక్షల మందికి చదువు రుచి చూపించినవి మాత్రం అవే. డెంట్‌దీ అదే గతి. ఆరు వేల మాటల కథను నాలుగు భాగాలుగా ఎలా కట్టాలో, ఏ భాగం చివర వీరుణ్ణి ఏ గోతిలో తొయ్యాలో వివరిస్తూ అతను తయారుచేసిన సూత్రం ఇప్పటికీ కొత్త రచయితల చేతుల్లో తిరుగుతోంది. 'బ్లాక్ మాస్క్' అనే పేరున్న అపరాధ పరిశోధక పత్రికలో 1936లో అతని కథలు రెండు వచ్చాయి. ఆ రెండూ చదివితే చాలు, అతను పొట్టకూటి కోసం అక్షరాలు పేర్చిన మనిషి మాత్రమే కాదని తెలుస్తుంది.

ఇక ఆ లోకం. డాక్ అసలు పేరు క్లార్క్ సావేజ్ జూనియర్. అతణ్ణి తండ్రి పసితనం నుంచే శాస్త్రవేత్తల చేతుల్లో పెట్టాడు. వైద్యం, రసాయనం, విద్యుత్తు, భాషలు, మల్లయుద్ధం అన్నీ నేర్పించి, లోకానికి మేలు చేసే పనిముట్టులా తీర్చిదిద్దాడు. బాల్యమన్నదే లేని పిల్లవాడు అతను. రోజూ రెండు గంటలు వ్యాయామం చేస్తాడు. ఒక్కరోజూ మానడు. ఏకాగ్రత కుదిరినప్పుడు అతనికి తెలియకుండానే గొంతులోంచి ఒక సన్నని ఈల లాంటి స్వరం వస్తుంది. ఎక్కణ్ణుంచి వస్తోందో పక్కనున్నవాళ్లకు అంతుపట్టదు. ధనం కోసం ఎవరి ముందూ చెయ్యి చాచడు. మధ్య అమెరికాలోని హిడాల్గో అనే కల్పిత దేశంలో, ఒక మరుగు లోయలో బతుకుతున్న మాయా జాతివాళ్లు అతనికి బంగారం పంపుతారు. మనుషుల్ని చంపడు. అతని మనుషులు వాడే తూటాలు నిద్రపుచ్చుతాయంతే.

వెంట ఐదుగురు మిత్రులు. ఒక్కొక్కరూ తమ విద్యలో అందెవేసిన చెయ్యి. కోతి ఆకారంలో ఉండే రసాయన శాస్త్రవేత్త మంక్, కత్తి దాచిన చేతికర్రతో తిరిగే సొగసుకాడు లాయరు హామ్, పిడికిలితో తలుపు చెక్కల్ని పగలగొట్టే ఇంజనీరు రెన్నీ, పాలిపోయి రోగిష్టిలా కనిపించే విద్యుత్ నిపుణుడు లాంగ్ టామ్, నిఘంటువు మింగినట్టు మాట్లాడే పురావస్తు పండితుడు జానీ. మంక్‌కూ హామ్‌కూ క్షణం పడదు. మంక్ ఒక పందిని పెంచి దానికి లాయర్ల పరిభాషలోని హెబియస్ కార్పస్ అని పేరు పెట్టాడు, హామ్‌ను ఉడికించడానికే. హామ్ ఊరుకుంటాడా, ఒక కోతిని తెచ్చి దానికి కెమిస్ట్రీ అని పేరు పెట్టాడు. అయినా ఒకరికి ఆపద వస్తే రెండోవాడు ప్రాణం లెక్కచెయ్యడు. ఆ నవలల్లో హాస్యం లేదనుకునేవాళ్లు ఈ ఇద్దరినీ చదవనివాళ్లు. నవ్వు అక్కడ కావలసినంత ఉంది. ఆ నవ్వు మనుషుల మధ్య స్నేహంలోంచి పుట్టింది.

ఈ కథల్లో నన్ను ఎప్పుడూ కలవరపెట్టే సంగతి ఒకటుంది, దాన్ని దాటవేయలేను. పట్టుబడిన నేరస్తుల్ని డాక్ పోలీసులకు అప్పగించడు. న్యూయార్కు రాష్ట్రం ఉత్తరాన తనకున్న రహస్య ఆసుపత్రికి పంపుతాడు. అక్కడ వాళ్ల మెదడుకు శస్త్రచికిత్స చేసి, పాత జ్ఞాపకాలు చెరిపి, ఒక వృత్తి నేర్పి, మంచివాళ్లుగా బయటికి పంపుతారు. రాసింది 1933లో. పోర్చుగల్ వైద్యుడు ఎగాస్ మోనిజ్ మానసిక రోగుల మెదడు మీద మొదటిసారి కత్తి పెట్టించింది 1935లో. అదే పనికి అతనికి నోబెల్ బహుమతి వచ్చింది 1949లో. డాక్ సావేజ్ పత్రిక ఆగిపోయిన సంవత్సరం కూడా అదే. ఆ కాలం మనుషులు సైన్సును ఎంత నమ్మారో, ఎంతదాకా నమ్మారో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. ఈ కథలను ప్రేమించే పాఠకుడు ఆ భాగం దగ్గర ఆగి ఆలోచించాలి. సినిమా తీసేవాడు ఇంకా ఎక్కువ ఆలోచించాలి.

1938లో సూపర్‌మ్యాన్ వచ్చాడు. అతని పేరు క్లార్క్. తర్వాతి కాలంలో అతనికి ఉత్తర ధ్రువ మంచులో ఏకాంత దుర్గం ఒకటి ఏర్పడింది. అలాంటి దుర్గం, అదే పేరుతో, డాక్ సావేజ్‌కు ముందే ఉంది. రంగుల కామిక్కులు వచ్చాక గుజ్జు కాగితం పత్రికల ప్రాభవం తగ్గుతూ వచ్చింది. యుద్ధం వచ్చింది, కాగితం కొరత వచ్చింది, పత్రిక సైజు చిన్నదైంది. డెంట్ కూడా మారాడు. యుద్ధం చివరి రోజుల నుంచి రాసిన నవలల్లో డాక్ భయపడతాడు, పొరపాట్లు చేస్తాడు. ఆడవాళ్ల ముందు తడబడతాడు. నాకు ఆ నవలలంటే ప్రత్యేకమైన ఇష్టం. చేయి తిరిగిన రచయిత తాను చెక్కిన విగ్రహంలో మనిషిని వెతుక్కున్న రోజులవి. 1949 వేసవి సంచికతో అంతా ముగిసింది. స్ట్రీట్ అండ్ స్మిత్ తన పల్ప్ పత్రికల దుకాణం కట్టేసింది. డెంట్ 1959లో కన్నుమూశాడు. తన వీరుడు మళ్లీ లేస్తాడని అతనికి తెలియదు.

లేచింది 1964లో. బాంటమ్ సంస్థ ఆ పాత నవలలను జేబు పుస్తకాలుగా వెయ్యడం మొదలుపెట్టింది. అట్టలు గీసే పని జేమ్స్ బామాది. పాత పత్రికల్లో వాల్టర్ బామ్‌హోఫర్ గీసిన డాక్ ఉంగరాల జుట్టున్న యువకుడు. బామా ఆ రూపాన్ని పక్కనపెట్టాడు. స్టీవ్ హాలండ్ అనే నటుణ్ణి ఎదురుగా నిలబెట్టుకున్నాడు. 1950లలో టెలివిజన్‌లో ఫ్లాష్ గోర్డన్ వేసిన మనిషి అతను. నుదుటి మీదికి కోసుగా దిగిన జుట్టు, పీలికలైన చొక్కా, అట్టంతా పరుచుకున్న ఒకే రంగు ఛాయ. ఫోటో తీసినంత నిక్కచ్చిగా గీసిన అరవైకి పైగా అట్టలవి. ఆ ముఖంలో నవ్వు లేదు. తన పనిని తాను ఎంత గంభీరంగా తీసుకుంటాడో ఆ కనుబొమల ముడి చెబుతుంది. పాత పాఠకుల పిల్లలు ఆ అట్టల కోసం పుస్తకాలు కొని, లోపలి కథల్లో చిక్కుకున్నారు. లక్షల్లో అమ్ముడయ్యాయి. ఇరవై ఆరేళ్లు పట్టినా బాంటమ్ 1990 నాటికి మొత్తం 181 నవలలూ పూర్తిచేసింది. ఆబిడ్స్ పేవ్‌మెంటు దాకా వచ్చినవి ఆ ప్రతులే.

అదే 1964లో అమెరికా మేధావుల లోకంలో ఇంకో సంగతి జరిగింది. సూసన్ సాంటాగ్ 'క్యాంప్' అనే అభిరుచి మీద తన వ్యాసం ప్రచురించింది. అతిగా ఉన్నదాన్ని, కృత్రిమమైనదాన్ని, గంభీరంగా చెయ్యబోయి బోర్లాపడ్డదాన్ని ఆ పడడం కోసమే ఇష్టపడే రసికత అది. సాంటాగ్ దాన్ని ఎంతో సున్నితంగా వివరించింది. తెలియక క్యాంప్ అయినదానికీ, కావాలని చేసేదానికీ తేడా ఉందని కూడా చెప్పింది. కావాలని చేసేది అంతగా రుచించదన్నదే ఆమె అభిప్రాయం. వ్యాపారులకు ఆ తేడాతో పనిలేకపోయింది. 1943 నాటి బ్యాట్‌మ్యాన్ సీరియల్‌ను 1965లో మళ్లీ థియేటర్లలో వేస్తే కాలేజీ కుర్రాళ్లు పడీపడీ నవ్వారు. 1966 జనవరిలో ఏబీసీ టెలివిజన్‌లో కొత్త బ్యాట్‌మ్యాన్ మొదలైంది. ఆడమ్ వెస్ట్ గుక్క తిప్పుకోకుండా నీతులు చెబుతుంటే, ప్రతి గుద్దుకీ తెర మీద పెద్దక్షరాల్లో శబ్దం పడేది. రెండేళ్లు దేశాన్ని ఊపి, 1968 మార్చిలో ఆగిపోయింది. అది ఆగినా దాని ముద్ర పోలేదు. కామిక్కుల వీరుణ్ణో పల్ప్ వీరుణ్ణో తెరకెక్కించాలంటే ముందుగా ప్రేక్షకుడికి కన్నుగీటాలని, నమ్మి తీస్తే నవ్వులపాలవుతామని స్టూడియోలు ఒక పాఠం నేర్చేసుకున్నాయి. పుస్తకం పట్టుకున్న చేతులు ఒక దారిన, కెమెరా పట్టుకున్న చేతులు ఇంకో దారిన వెళ్లిపోయాయి.

అన్నిటికన్నా బాధాకరమేమిటంటే, డాక్ సినిమాను నిర్మించిన మనిషి వెక్కిరించే రకం కాదు. జార్జ్ పాల్ 1908లో హంగరీలో పుట్టాడు. చెక్కబొమ్మల్ని ఒక్కొక్క ఫ్రేముకీ మార్చి మార్చి కదిలించే పపెటూన్స్ చిత్రాలతో పేరు తెచ్చుకుని ఆస్కార్ గౌరవం పొందాడు. చంద్రుడి మీదికి ప్రయాణాన్ని 1950లోనే, శాస్త్రం తప్పకుండా 'డెస్టినేషన్ మూన్'గా చూపించాడు. 'ది వార్ ఆఫ్ ది వరల్డ్స్' 1953లో నిర్మించాడు. 1960లో 'ది టైమ్ మెషీన్'కు తనే దర్శకుడు. హెచ్.జి. వెల్స్ రాసిన ఈ చివరి రెండు నవలలను తెరమీదికి తెచ్చినప్పుడు అతను ఎక్కడా ఎకసెక్కాలాడలేదు. కాలయంత్రం చక్రం తిరగడం మొదలైనప్పుడు కిటికీ అవతల పూలు విచ్చుకోవడం చూసిన పిల్లవాడెవడూ ఆ సినిమాను మరిచిపోడు. దర్శకుడు మైఖేల్ ఆండర్సన్ కూడా సామాన్యుడు కాదు. 'ది డామ్ బస్టర్స్', ఉత్తమ చిత్రంగా ఆస్కార్ గెలిచిన 'అరౌండ్ ది వరల్డ్ ఇన్ ఎయిటీ డేస్' అతనివే. ఇక కథానాయకుడు రాన్ ఈలీ. టెలివిజన్ టార్జాన్‌గా రెండేళ్లు తన సాహసాలన్నీ తనే చేసి ఒళ్లంతా గాయాలు చేసుకున్నవాడు. ఆరడుగులు దాటిన ఎత్తు, చెక్కినట్టున్న శరీరం. ఈ ముగ్గురి పేర్లూ విని అభిమానులు ఆశపడ్డారంటే ఆ ఆశ అత్యాశ కాదు.

కథకు మొదటి నవలనే తీసుకున్నారు. తండ్రి మరణవార్త విని డాక్ మంచు దుర్గం నుంచి న్యూయార్కు వస్తాడు. ఎదురు భవనం మీది నుంచి అతని మీద కాల్పులు జరుగుతాయి. మిత్రులతో హిడాల్గోకు వెళ్తాడు, మరుగు లోయను, బంగారాన్ని కనుక్కుంటాడు. ఎముకల గూడు ఇదే. చెడింది దాని మీద కప్పిన చర్మం దగ్గర.

సంగీతంతో మొదలుపెడతాను. జాన్ ఫిలిప్ సూజా సైనిక బ్యాండు మార్చ్‌లను తీసుకుని, వాటికి డాక్‌ను పొగిడే మాటలు కట్టి పాడించారు. కవాతు మైదానంలో ఒళ్లు పులకరింపజేసే సంగీతమే. దాన్ని ఒక మనిషి విమానం ఎక్కడానికీ, దెబ్బలాటకీ, దుఃఖానికీ ఒకేలా వాయిస్తే వినేవాడికి ఒకటే అర్థమవుతుంది: ఇదంతా ఉత్తుత్తిదే. తండ్రిని పోగొట్టుకున్న కొడుకు కథ అది. మొదటి నవలలో డాక్ తన దుఃఖాన్ని బయటికి చూపించడు గాని, చూపించకుండా ఉండడానికి ఎంత కష్టపడుతున్నాడో మిత్రులకు తెలుసు. సినిమాలో ఆ మౌనానికి చోటే లేదు, బ్యాండు ఆగదు కనుక.

ప్రతినాయకుడు కెప్టెన్ సీస్ అనుచరుల్లో ఒకడు పసిపిల్లల ఉయ్యాలను పెద్దగా చేసినట్టున్న తొట్టెలో పడుకుంటాడు. ఎందుకో కథ చెప్పదు. చివర్లో డాక్‌కూ సీస్‌కూ జరిగే ద్వంద్వ యుద్ధంలో వాళ్లు సుమో, కరాటే, కర్రసాము అంటూ ఒక్కొక్క యుద్ధవిద్యలోకి మారుతుంటే, ఆ విద్య పేరు తెర మీద అక్షరాల్లో పడుతుంది. బ్యాట్‌మ్యాన్ నాటి అక్షరాలే ఇవి, ఏడేళ్లు ఆలస్యంగా వచ్చాయి. నవలల్లో డాక్ ఎన్ని విద్యలు నేర్చాడన్నది తమాషా కాదు. ఒక బాల్యాన్ని ధారపోసి సంపాదించినవి అవి. ఆ త్యాగం పాఠకుడి గుండెలో ఉంటుంది గనకే ఒక్క దెబ్బ చాలు. సినిమా ఆ త్యాగాన్ని శీర్షికల పట్టీగా మార్చింది.

మంక్, హామ్‌ల సంగతి ఇంకా నొప్పి కలిగిస్తుంది. పుస్తకాల్లో దిట్టలైన ఐదుగురు నిపుణులు, ఇక్కడ నాయకుడి వెంట తిరిగే ఐదుగురు విదూషకులైపోయారు. పాత్రధారుల తప్పు నేననను. వాళ్లకిచ్చింది అంతే. లోయలోని రాకుమారి మోన్యా సినిమాలో మోనా ఫ్లోరెస్ అయింది. ఆమెకూ డాక్‌కూ మధ్య జరిగే వీడ్కోలు సన్నివేశంలో, తన వ్రతం కోసం ప్రేమను వదులుకునే మనిషి మాట్లాడే మాట కూడా ప్రేక్షకుణ్ణి నవ్వించడానికే రాశారు.

అన్నిటికన్నా పెద్ద తప్పు ఆ శస్త్రచికిత్స దగ్గర జరిగింది. ఓడిపోయిన కెప్టెన్ సీస్‌కు డాక్ మెదడు బాగుచేస్తాడు. తర్వాతి సన్నివేశం క్రిస్మస్ రోజుల వీధి. సీస్ సాల్వేషన్ ఆర్మీ బ్యాండు ముందు చిరునవ్వుతో నిలబడి ఉంటాడు. అంతే, నవ్వుకోండి అన్నట్టు వదిలేశారు. మెదడు శస్త్రచికిత్సల వల్ల ఎందరి బతుకులు మోడువారాయో 1975 నాటికి అమెరికాకు బాగా తెలుసు. ఒక మనిషిలోంచి అతణ్ణే తీసేసే హక్కు ఎంత మంచివాడికైనా ఉంటుందా అని అడగడానికి ఆ సినిమాకు చక్కటి అవకాశం దొరికింది. డెంట్ ఆ ప్రశ్న అడగలేదు, అతని కాలం అడగనివ్వలేదు. పాల్ కాలం అడగనిచ్చేది. వేళాకోళంలో పడితే ఇలాంటి నష్టమే జరుగుతుంది. వేళాకోళం పుస్తకంలోని మంచిని తేలిక చేస్తూనే, చెడును నిలదీసే అవకాశాన్ని కూడా పోగొడుతుంది.

మన సినిమాలు చూసి పెరిగినవాళ్లకు ఈ తేడా విడమరిచి చెప్పనక్కర్లేదు. 'మాయాబజార్' నిండా నవ్వే. ఘటోత్కచుడి పరివారం మాటలు పుట్టించడం, విడిదింట్లో గింబళీ ప్రహసనం, అన్నీ కడుపుబ్బ నవ్విస్తాయి. ఆ నవ్వులో ఎక్కడా మహాభారతాన్ని నమ్మేవాడి మీద చిన్నచూపు లేదు. కె.వి. రెడ్డి కథ లోపల నిలబడి నవ్వించాడు. విఠలాచార్య దగ్గర డబ్బు తక్కువ, కొయ్యబొమ్మలూ ఎముకల గూళ్లూ ఎక్కువ. ఆ గూళ్లు గంతులేస్తుంటే మేమూ నవ్వాం. అయితే రాకుమారుడు కత్తి దూసినప్పుడు అతని సాహసాన్ని ఆ సినిమా మనస్ఫూర్తిగా నమ్మేది, అందుకే మేమూ నమ్మేవాళ్లం. డాక్ సినిమాకు డబ్బు చాలలేదని, అందుకే అలా వచ్చిందని కొందరంటారు. విఠలాచార్యను చూసినవాడిగా ఆ వాదన నేను ఒప్పుకోలేను.

సినిమా 1975 వేసవిలో వచ్చింది. అదే జూన్‌లో 'జాస్' విడుదలైంది. ఒక చవక నవలాంశాన్ని, రబ్బరు సొరచేపను పెట్టుకుని స్పీల్‌బర్గ్ వీసమెత్తు వెక్కిరింత లేకుండా దేశాన్ని వణికించాడు. డాక్ సావేజ్ వచ్చినంత వేగంగా పోయాడు. చివర్లో తెర మీద ప్రకటించిన రెండో భాగం రానేలేదు. జార్జ్ పాల్‌కు అదే ఆఖరి సినిమా, 1980లో చనిపోయాడు.

తర్వాత జరిగింది తలచుకుంటే అభిమానులకు ఇంకా కోత. 1977లో 'స్టార్ వార్స్'. 1978లో రిచర్డ్ డానర్ 'సూపర్‌మ్యాన్'. నమ్మించడమే ప్రాణమని చిత్రబృందానికి పదే పదే గుర్తుచేసి మరీ తీశాడతను. 1981లో 'రైడర్స్ ఆఫ్ ది లాస్ట్ ఆర్క్'. మరుగు లోయలూ పురాతన నిధులూ చొక్కా చిరిగిన పురావస్తు వీరుడూ, అన్నీ పల్ప్ పత్రికల సొత్తే. మరో ఐదారేళ్లు ఆగి ఉంటే డాక్‌కు దక్కాల్సిన సినిమా దక్కేదేమో. క్యాంప్ అన్నదే పాపమని నా అభిప్రాయం కాదు. 1980 నాటి 'ఫ్లాష్ గోర్డన్' పూర్తిగా ఆ దారిలోదే. రంగులు, క్వీన్ బృందం సంగీతం, మాక్స్ ఫాన్ సీడో గాంభీర్యం కలిసి అదొక జాతరలా ఉంటుంది. చిన్న బొమ్మల కథను ఆడంబరంగా ఊరేగించారు. డాక్ సినిమాలో ఆ ఉత్సాహం కూడా లేదు. భయం ఉంది, తనను చూసి ఎవరైనా నవ్వుతారేమోనని ముందే తానే నవ్వేసిన భయం.

ఆ భయం ఖరీదు ఇంకా తీరలేదు. 1990ల చివర ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్‌తో ఒక ప్రయత్నం మొదలై ఆగిపోయింది. 2016లో దర్శకుడు షేన్ బ్లాక్, ద్వేన్ జాన్సన్‌తో తీస్తున్నట్టు ప్రకటన వచ్చింది. అదీ సెట్టు దాకా వెళ్లలేదు. పుస్తకాల దారి మాత్రం ఆగలేదు. డెంట్ వదిలివెళ్లిన కాగితాలను, సగం రాసిన ఆలోచనలను ఆధారం చేసుకుని విల్ మర్రీ 1991 నుంచి కొత్త నవలలు రాశాడు. కెన్నెత్ రాబ్సన్ పేరుతోనే, అంతే శ్రద్ధగా. అంతకు చాలా ముందు, 1973లోనే, నవలాకారుడు ఫిలిప్ జోస్ ఫార్మర్ డాక్ నిజంగా బతికిన మనిషే అన్నట్టు అతని జీవితచరిత్ర రాశాడు. ప్రతి నవలనూ తేదీలవారీగా అమర్చి, కుటుంబ వృక్షం గీసి, పసివాడి పట్టుదలతో రాసిన పుస్తకం అది. సినిమాకు రెండేళ్ల ముందే దుకాణాల్లో ఉంది. ఎలా ప్రేమించాలో అందులో ఉంది.

రాన్ ఈలీ 2024లో చనిపోయాడు. ఆ వార్త చూసి క్యాసెట్టు రోజులు గుర్తొచ్చి సినిమాను మళ్లీ చూశాను. ఈసారి ఆయన్నే చూశాను. చుట్టూ అందరూ ఎకసెక్కాలాడుతుంటే ఆయన ఒక్కడూ ఆడడు. డాక్ రోజూ తనకు తాను చెప్పుకునే ప్రతిజ్ఞ ఒకటుంది. తన బలాన్నీ జ్ఞానాన్నీ ఇతరుల మేలు కోసమే వాడాలన్న ప్రతిజ్ఞ. సినిమాలో ఒకచోట ఈలీ దాన్ని పలుకుతాడు. గొంతు నిలకడగా ఉంటుంది, చూపు సూటిగా ఉంటుంది. బామా గీసిన ముఖం అక్కడ కాసేపు కనిపిస్తుంది. అంతలో మళ్లీ బ్యాండు వస్తుంది.